పోలీసులు లేని పోలీసు చర్య

మా యింట్లో బియ్యం అయిపోతే మా అమ్మ "బియ్యం ఒడిసినై" అనేది. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి మా పక్కింట్లో కాపురమున్న బ్యాంకు గుమాస్తాగారి భార్య మాత్రం "బియ్యం నిండుకున్నాయండీ" అంటూ గిన్నె పట్టుకొని వచ్చేది. డబ్బా నిండినవాళ్ళు గిన్నె పట్టుకొని ఎందుకు వస్తారో నాకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అర్థం కాలేదు. దీపం ఆరితే "కొండెక్కింది" అనడం, పోయేవాడు "వస్తాను" అనడం యీ జాతి మాటలే. అశుభం పలకరాదనే భయం వీటికి మూలం. వీటివల్ల మోసపోయేవారెవరూ లేరు. చెప్పేవారికీ వినేవారికీ డబ్బా ఖాళీ అని తెలుసు. పైగా ఆకలి ఎవరిదో మాటా వారిదే.

రాజ్యం పెట్టే పేర్లు యీ కోవకు చెందవు. అక్కడ పేరు పెట్టేవాడు ఒకడు, అనుభవించేవాడు మరొకడు. నిజాం రాజ్యచరిత్ర యిటువంటి పేర్లతో నిండివుంది. మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన జిల్లాలను 1800లో కుంఫిణీ సైన్యపు ఖర్చు కింద నిజాం వదులుకుంటే, అవి 'దత్త మండలాలు' అయినాయి. యిచ్చినవాడికి యివ్వకుండా వుండే స్వేచ్ఛ లేదు; పుచ్చుకున్నవాడు దానం పట్టినట్లు నటించాడు. ఆ ప్రాంత ప్రజలకు యీ పేరుమీద రోత పుట్టి, 1928 నంద్యాల సభలో 'రాయలసీమ' అని మార్చుకున్నారు. బీరారు కథ మరీ విడ్డూరం. 1902లో దానిని శాశ్వతంగా కౌలుకు రాయించుకున్న ఆంగ్లేయులు 1936లో నిజాం పెద్ద కుమారుడికి 'బీరారు యువరాజు' అనే బిరుదు ప్రసాదించారు. యువరాజు హైదరాబాదులో, బీరారు ఆంగ్లేయుల చేతిలో! యింతకూ నేను వ్రాయదలచుకున్నది వీటి గురించి కాదు.

కిందటి సెప్టెంబరులో మా కళాశాలలో వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం సెప్టెంబరు 17. రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు స్టాఫు రూముకు వచ్చి, "సార్, ఏ పేరు రాస్తే మార్కులు పోవు?" అని అడిగాడు. ఆ కుర్రవాడి ప్రశ్నలో వెటకారం లేదు. 2022లో కేంద్రప్రభుత్వం ఆ రోజును 'విమోచన దినం' అన్నది. అదే సంవత్సరం రాష్ట్రప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' అన్నది. 2024లో కొత్తగా వచ్చిన రాష్ట్రప్రభుత్వం 'ప్రజాపాలనా దినం' అన్నది. విలీనమని కొందరూ, విద్రోహమని కొందరూ ఎప్పటినుంచో అంటూనే వున్నారు. "నీకు ఏది నిజమనిపిస్తే అది రాయి" అని పంపించివేశాను. ఉపాధ్యాయులు జవాబు తెలియనప్పుడు చెప్పే జవాబు యిదే గదా!

ఆ రాత్రి ఆలోచిస్తే నాకు ఒక సంగతి స్ఫురించింది. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలన్న దానిమీద యిన్ని పక్షాలు తగాదా పడుతున్నాయి. కాని ఆ రోజుతో ముగిసిన సంఘటనకు వున్న పేరును మాత్రం అన్ని పక్షాలవారూ కళ్ళు మూసుకొని వ్రాస్తారు: 'పోలీసు చర్య'. పాఠ్యపుస్తకాలలో అదే, ప్రశ్నపత్రాలలో అదే. నేనూ పదేళ్ళుగా నల్లబల్లమీద అదే వ్రాస్తున్నాను.

జరిగినదేమిటి? 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. పడమట షోలాపూరు నుంచి, తూర్పున విజయవాడ నుంచి ప్రధానమైన దండ్లు కదిలాయి. షోలాపూరు దండును నడిపినవాడు మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి, ఆయన పోలీసు అధికారి కాడు, ఆర్మర్డ్ డివిజను సేనాని. టాంకులు వచ్చాయి, విమానాలు బాంబులు వేశాయి. 17 సాయంత్రానికి నిజాం యుద్ధవిరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. సైన్యంలో యీ దండయాత్రకు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ పోలో'. ముగిసిన మర్నాటినుంచి సంస్థానాన్ని పాలించిన అధికారి హోదా 'మిలిటరీ గవర్నరు'. అంటే పోలీసు చర్య జరిగితే మిలిటరీ గవర్నరు వచ్చాడన్నమాట. ఈ రెండు మాటలూ ఒకే పేజీలో పక్కపక్కనే అచ్చయినా మనకు కంట్లో నలుసు పడినట్లయినా అనిపించదు.

ఈ పేరు ఎందుకు అవసరమయింది? 1947 ఆగస్టు 15తో బ్రిటిషు సార్వభౌమాధికారం తొలగిపోయింది గనుక తాను స్వతంత్రుడనని నిజాం వాదించాడు. ఆ నవంబరు 29న భారతప్రభుత్వంతో ఏడాదిపాటు 'యథాతథ ఒడంబడిక' చేసుకున్నాడు. (ఆ ఏడాది తెలంగాణా పల్లెలలో యథాతథంగా నిలిచినది ఒక్కటీ లేదు.) 1948 ఆగస్టులో అతని ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. రెండు రాజ్యాల మధ్య జరిగేది యుద్ధమైతే మండలి జోక్యం చేసుకోవచ్చు. ఒక దేశం తన గడపలో శాంతిభద్రతలు చక్కదిద్దుకోవడమైతే బయటివారికి పని లేదు. సైన్యం పని పోలీసుల పని కావడానికి కారణం యిదే. న్యాయవాది కోర్టులో వేసే ఎత్తు వంటిది.

అయితే యీ ఎత్తు మనవారి సొంతం కాదు. అంతకు పద్నాలుగు నెలల ముందు, 1947 జులైలో, డచ్చి సామ్రాజ్యవాదులు యిండొనీషియా రిపబ్లిక్‌మీద లక్ష సైన్యంతో విరుచుకుపడి, దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. వారి సైనికాధికారులు లోపల వాడుకున్న పేరు 'ఆపరేషన్ ప్రోడక్ట్'. తోటలూ, సరుకులూ చేజిక్కించుకోవడం దాని లక్ష్యం గనుక ఆ రహస్యనామమే యథార్థనామం! అది పోలీసు చర్య కాదు, దురాక్రమణ అని ఆ జులై 30న భద్రతా మండలి ముందుకు తెచ్చిన దేశాలు రెండు: ఆస్ట్రేలియా, భారతదేశం. 1948 డిసెంబరులో డచ్చివారు రెండో 'పోలీసు చర్య' జరిపితే, 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో ఆసియా దేశాల సభ పిలిచి ఖండించాడు. హైదరాబాదుకు టాంకులు వెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. 1950 జూన్‌లో కొరియా యుద్ధాన్ని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కూడా యిదే మాటతో సమర్థించుకున్నాడు.

పేరు ఒకటైనంత మాత్రాన విషయం ఒకటి కాదు. యిండొనీషియా ప్రజలు డచ్చివారిని తరమడానికి పోరాడుతున్నారు. హైదరాబాదు ప్రజలు నిజాంను దించడానికి పోరాడుతున్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కూలిన నాటినుంచి నల్లగొండ, వరంగల్లు జిల్లాల రైతాంగం చేస్తున్నది అదే. నిజాం పతనానికి పల్లెలు పండుగ చేసుకున్నాయంటే ఆశ్చర్యం లేదు. ఈ తేడాను మరుగుపరచి రెండింటినీ ఒక గాట కట్టేవారితో నాకు ఏకీభావం లేదు. నా అభ్యంతరం వేరు. ఐక్యరాజ్యసమితి కోసం అల్లిన మాట సమితి నుంచి ఫిర్యాదు వెనక్కి తీసుకున్న తర్వాత కూడా ఎందుకు మిగిలింది? దానికి లోపల యింకో పని పడింది గనుక.

'పోలీసు చర్య' అనగానే దొంగను పట్టుకొని, పని ముగించుకొని, వెళ్ళిపోయే దృశ్యం కళ్ళముందు నిలుస్తుంది. అయిదు రోజులతో కథ సరి. కాని తెలంగాణాలో సైన్యం అయిదు రోజులకు వెళ్ళలేదు. రజాకార్లను అణచిన తర్వాత దొరల భూములు పంచుకున్న రైతులమీదికి మళ్ళింది. ఊళ్ళలో క్యాంపులు వెలిశాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా, మూడేళ్ళు, యిది సాగింది. దీనికి పాఠ్యపుస్తకాలలో విడిగా పేరే లేదు. పేరు లేనిదానిని పరీక్షలో అడగరు. యిటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో ఆ రోజుల్లోనే జరిగిన ముస్లిముల హత్యలకూ పేరు లేదు. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ, పోలీసు చర్య కాలంలోనూ ఆ తర్వాతా కనీసం ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలమంది ప్రాణాలు కోల్పోయి వుంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు. పోలీసులు వచ్చిన చోట నలభై వేలమంది ఎలా చస్తారు?

మా నాయనమ్మ 'పోలీసు చర్య' అనగా నేను వినలేదు. ఆమెది అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఒక పల్లె. చిన్నతనంలో నేను పాఠం వల్లె వేస్తుంటే విని, "పోలీసోళ్ళు యాడికెల్లి వచ్చిండ్రు బిడ్డా, మిల్ట్రీ గద వచ్చింది" అన్నది. ఆమె లెక్కలో 'మిల్ట్రీ దిగిన యేడు', 'మిల్ట్రీ పోయిన యేడు' అని రెండు వుండేవి. నడుమ మూడేళ్ళు. చరిత్ర పుస్తకాలు సరిగా లెక్కించలేకపోయిన మూడేళ్ళను అక్షరం రాని మనిషి తప్పు లేకుండా లెక్కించింది. తర్వాత 'భూమి పోయిన యేడు' అని యింకొకటి వుండేది. దానికీ యీ పేర్ల తంతుకూ సంబంధం వుంది.

హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. దాని కింద లక్షలాది రైతులు 'రక్షిత కౌలుదారులు' అయినారు. మా తాత మూడెకరాలకు రక్షిత కౌలుదారు. ఈ రక్షణ ఎలా పనిచేసిందో ఎ. ఎం. ఖుస్రో పరిశీలన చేసి 1958లో ప్రచురించారు. 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి నూరుమందిలో 1954 నాటికి ఆ స్థితిలో మిగిలినవారు సుమారు 45 మంది. 12 మంది దాకా భూమి కొనుక్కోగలిగారు. చట్టప్రకారం తొలగించబడినవారు ముగ్గురికి మించరు. చట్టవిరుద్ధంగా తొలగించబడినవారు 22 మంది. మరో 17 మంది 'ఐచ్ఛికంగా' వదులుకున్నారు. మూడేళ్ళు తుపాకులకు జంకకుండా భూమిని పట్టుకొని వేలాడినవాళ్ళకు, తుపాకులు వెళ్ళిపోయిన మరుక్షణమే భూమిమీద విరక్తి కలిగి స్వచ్ఛందంగా సన్యసించారని నమ్మమంటారు.

మా తాత ఆ పదిహేడుమందిలో చేరినవాడు. ఆ కాగితం నకలు మా పెట్టెలో వుండేది. ఉర్దూలో వుంది గనుక యింట్లో చదివినవారు లేరు. కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళో రిటైరయిన ఉర్దూ పండితుడొకాయనకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని, "రాజీనామా. బ రజా-ఓ-రగ్బత్ ఇస్తున్నానని వుంది" అన్నారు. తన యిష్టంతో, కోరికతో అని అర్థం. దస్తావేజులలో మామూలుగా వ్రాసే మాట. కింద నల్లటి వేలిముద్ర.

తెలుగు చదువుకున్నవాణ్ణి గనుక నా మనసు ఆ మాటమీదే నిలిచిపోయింది. రజా అంటే యిష్టం, సమ్మతి. సెలవు అడగడానికి మన పెద్దలు 'రజా' అనేవారు. రాజీ, రాజీనామా ఆ అరబ్బీ ధాతువు నుంచే వచ్చాయి. రజాకారూ దానినుంచే వచ్చింది: యిష్టపూర్వకంగా పనిచేసేవాడు, స్వచ్ఛంద సేవకుడు. కాశిం రజ్వీ దళాలకు అది అధికారికమైన పేరు. తెలుగు పల్లె ఆ పేరును తన కర్మశాలలో వేసి కాల్చి, 'రజాకారు' అంటే దోపిడీగాడనే అర్థం పోతపోసింది. ఈనాటికీ ఆ మాట తిట్టుగానే వుంది. అంటే పైనుంచి వచ్చిన ప్రతి పేరునూ ప్రజలు మింగలేదు. ఒకదానిని తలకిందులు చేయగలిగారు. 'పోలీసు చర్య'నూ, 'రాజీనామా'నూ చేయలేకపోయారు. ఒకటి బడికి చేరింది, రెండోది కచేరీకి చేరింది; ఆ రెండు చోట్లా మాట వారిది కాదు. కాగితం మీది దొర పేరు యిక్కడ వ్రాయను. 'రాజప్రముఖ్' అనే బిరుదుతో 1956 దాకా గణతంత్రంలో కొలువుదీరి, ఏడాదికి 50 లక్షల రాజభరణం పొందిన నిజాం ముందు మూడెకరాల దొర ఎంత?

మర్నాడు తరగతిలో ఆ కుర్రవాణ్ణి లేపి యీ సంగతులలో కొన్ని చెప్పాను. 17కు ఏ పేరు పెట్టినా, 13 నుంచి 17 వరకు జరిగినదానిని 'సైనిక చర్య' అని వ్రాయమన్నాను. దాని తర్వాతి మూడేళ్ళకు కూడా ఒక పేరా కేటాయించమన్నాను. తరగతి అంతా నోట్సులో ఎక్కించుకున్నది. గంట కొట్టిన తర్వాత అతను వెనకనే వచ్చాడు.

"పరీక్షలో కూడా అట్లనే రాయొచ్చా సార్? కీలో పోలీసు చర్య అని వుంటే?"

మార్కులు కోయరని నేను హామీ యివ్వలేకపోయాను.