పదివేల ఏళ్ల నుంచి ఆరు సెకన్లకు

2019. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా. గూగుల్ ప్రయోగశాలలో, పరమ శూన్యానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్న చలిలో ఒక క్వాంటమ్ చిప్ పని మొదలెట్టింది. పేరు సికమోర్. 54 క్యూబిట్లు (క్వాంటమ్ బిట్లు) పెడితే ఒకటి మొరాయించింది. జాన్ మార్టినిస్ బృందం మిగిలిన 53తోనే బరిలోకి దిగింది.

పెట్టిన పరీక్ష వింటే నవ్వొస్తుంది. క్యూబిట్లను అడ్డదిడ్డంగా 20 విడతలు కలిపి కుదిపి, చివర వచ్చిన సున్నాలు, ఒకట్ల వరుసను రాసుకోవాలి. అలా పదిలక్షల సార్లు. ఎవరికీ అక్కరకు రాని పని! కానీ ఏ వరుస ఎంత తరచుగా రావాలో మామూలు కంప్యూటర్ ఉన్నదున్నట్టు లెక్కగట్టాలంటే దాదాపు 9 వేల లక్షల కోట్ల సంఖ్యలను మోయాలి. అక్కడే ఉంది మెలిక.

సికమోర్ 200 సెకన్లలో ముగించింది. ఓక్ రిడ్జ్‌లోని సమ్మిట్ సూపర్ కంప్యూటర్‌కైతే పదివేల ఏళ్లు పడుతుందన్నారు.

సెప్టెంబరులోనే ఈ ఫలితాల పరిశోధన పత్రం నాసా వెబ్‌సైట్‌లో కాసేపు కనబడి మాయమైంది. ఇంకేం, గుప్పుమంది. అక్టోబరు 23న 'నేచర్'లో అచ్చయ్యేలోపే, 21న, సమ్మిట్‌ను కట్టిన ఐబీఎం అడ్డం తిరిగింది. మెమరీ చాలకపోతే డిస్కులున్నాయిగా, రెండున్నర రోజులు చాలంది. అయితే చేసి చూపించలేదు.

చేసి చూపించింది బీజింగ్‌లో ఫెంగ్ పాన్, కేయాంగ్ చెన్, పాన్ ఝాంగ్. సికమోర్ ఫలితాల్లో అసలు సంకేతం 0.2 శాతమే, మిగతాదంతా రొద. యంత్రమే అంత తప్పుల తడకైతే దాన్ని అనుకరించేవాళ్లు మాత్రం నిక్కచ్చిగా ఎందుకుండాలి? అనుకరణకు అల్లిన లెక్కల వలలో కొన్ని ముడులు కావాలనే తెంపేశారు. కచ్చితత్వం 0.37 శాతానికి పడిపోయినా, సికమోర్‌ను మించే ఉంది. 512 జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు), సుమారు 15 గంటలు. 2022లో అచ్చైంది. నా మటుకు ఈ కథలో అసలు చమత్కారం ఇదే: ప్రత్యర్థి బలహీనతనే ఆయుధం చేసుకోవడం.

మామూలు కంప్యూటర్లు సికమోర్‌ను అందుకున్న సంగతి గూగుల్‌కూ తెలుసు. 2023లో 70 క్యూబిట్ల చిప్‌తో మళ్లీ వచ్చినప్పుడు, దాన్ని అందుకోవడానికి ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్‌కు 47 ఏళ్లు పడుతుందని అంచనా కట్టింది. ఆ అంచనాల పట్టికలోనే 2019 నాటి సికమోర్ పనికి వేసిన అంచనా, ఆరు సెకన్ల పైచిలుకు.