స్విచ్ స్టాక్

కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లను ప్రత్యేక కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా నడిపే ఏర్పాటే స్విచ్ స్టాక్. 48 పోర్టుల స్విచ్‌లు నాలుగు కలిస్తే 192 పోర్టుల పరికరం అవుతుంది. ఐపీ అడ్రస్ ఒకటే, కాన్ఫిగరేషన్ ఒకటే. ఇంజనీరు ఒక్కసారి లాగిన్ అయితే అన్నింటినీ చక్కదిద్దవచ్చు.

నేపథ్యం

సిస్కో 2003లో కేటలిస్ట్ 3750 శ్రేణితో పాటు స్టాక్‌వైజ్ పద్ధతిని తెచ్చింది. అందులో తొమ్మిది స్విచ్‌ల దాకా కలపవచ్చు. స్టాక్ వేగం సెకనుకు 32 గిగాబిట్లు. తర్వాత వచ్చిన కేటలిస్ట్ 3850లో అది 480 గిగాబిట్లకు చేరింది. జునిపర్ సంస్థ ఈఎక్స్ 4200 స్విచ్‌లలో ఇదే పనికి వర్చువల్ చాసిస్ అని పేరు పెట్టింది.

అమరిక

ఒక స్విచ్ వెనుక ఉన్న రెండో స్టాక్ పోర్టును తర్వాతి స్విచ్ మొదటి స్టాక్ పోర్టుకు కలుపుతూ పోయి, చివరిదాన్ని మళ్లీ మొదటిదానికి కలపాలి. ఇలా వలయం పూర్తయితే ఒక కేబుల్ తెగినా స్టాక్ విడిపోదు, వేగం మాత్రం తగ్గుతుంది. రెండు చోట్ల తెగితే స్టాక్ రెండు ముక్కలై, రెండూ ఒకే ఐపీ అడ్రస్‌తో పనిచేయబోయి నెట్‌వర్క్ గందరగోళమవుతుంది. ఈ కేబుళ్ల పొడవు మూడు మీటర్లు దాటదు కాబట్టి స్టాక్ ఒకే ర్యాక్‌లోనో పక్క ర్యాక్‌లోనో ఉండాలి. అంతస్తుల మధ్య ఫైబర్ వేసి, ఆ లింకులను స్టాక్‌లోని వేర్వేరు స్విచ్‌లకు పంచడం మంచిది.

మాస్టర్ ఎన్నిక

స్టాక్‌ను నడిపే స్విచ్‌ను మాస్టర్ అంటారు. సిస్కో స్విచ్‌లలో ప్రయారిటీ 1 నుంచి 15 వరకు ఉంటుంది, కొత్త స్విచ్‌లో అది 1. దాన్ని మార్చకుండా వదిలేసి, మిగతా అంశాలూ సమానమైతే, కరెంటు పోయి వచ్చినప్పుడు తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నదే మాస్టర్ అవుతుంది. తరచూ అది అన్నింటికన్నా పాత స్విచ్. అందుకే మాస్టర్‌కు 15, దాని తర్వాతిదానికి 14 ముందే ఇవ్వాలి.

నిర్వహణ

ప్రతి స్విచ్‌కు ఒక సంఖ్య ఉంటుంది. 3/0/12 అంటే మూడో స్విచ్‌లోని 12వ పోర్టు. ఆ సంఖ్యను స్విచ్ మీద అంటించి ఉంచితే మరమ్మతు సులువు. కొత్త స్విచ్‌ను ఆపి ఉంచే కేబుల్ తగిలించాలి. ఆన్‌లో ఉండగా కలిపితే మళ్లీ ఎన్నిక జరిగి, ఓడిన వైపు స్విచ్‌లు రీబూట్ అవుతాయి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ అన్నింటిలో ఒకటే ఉండాలి. అప్‌గ్రేడ్ సమయంలో సాధారణంగా స్టాక్ మొత్తం రీబూట్ అవుతుంది కనుక ఆ పని ఆఫీసు వేళలు ముగిశాకే చేయాలి.

జనగామ జిల్లాలో అవసరం

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలో సమీకృత కలెక్టరేట్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. అనేక శాఖలు ఒకే కప్పు కింద పనిచేసే ఇలాంటి భవనాలకు స్టాక్ నప్పుతుంది. బచ్చన్నపేట వంటి మండల కేంద్రం సంగతి వేరు. తెలంగాణలో 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాల్లోనే ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. నెట్‌వర్క్ ఆగితే స్లాట్ బుక్ చేసుకుని వచ్చిన రైతు పని నిలిచిపోతుంది. అయితే పది, పదిహేను కంప్యూటర్లున్న చోట స్టాక్ ఖర్చు దండగ. 24 పోర్టుల స్విచ్ ఒకటి, అదే కాన్ఫిగరేషన్ ఎక్కించి సిద్ధంగా ఉంచిన స్పేర్ స్విచ్ మరొకటి, రెండింటికీ నమ్మకమైన యూపీఎస్ ఉంటే చాలు.