తీగకు చీర కట్టిన కథ

మొన్న మా ఇంట్లో పాత ఫ్యూజు బోర్డు తీయించి, కొత్త ఎమ్‌సీబీ పెట్టె పెట్టిస్తున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకి "మెయిన్ ఆపేశానమ్మగారూ, భోంచేసి వచ్చేస్తా" అంటూ పనివాడు వెళ్లిపోయాడు. గోడలోంచి డజను తీగలు కొసలు ఒలిచి వేలాడుతున్నాయి. పనిమనిషి మనవడు, నాలుగేళ్లవాడు, వాటికేసి మహా ఇష్టంగా చూస్తున్నాడు. వాణ్ణి చంకనేసుకుని వరండాలో కూలబడ్డాను. ఊరికే కూర్చోవడం ఎందుకని, ఎప్పుడో చదివిన సంగతులు నెమరేసుకున్నాను.

ఎడిసన్ న్యూయార్కులో పెర్ల్ స్ట్రీట్ కరెంటు కేంద్రం ప్రారంభించింది 1882 సెప్టెంబరు 4న. అంతకుముందే కలవారు ఇంటి నేలమాళిగలో బాయిలరు, డైనమో పెట్టించుకుని దీపాలు వెలిగించుకునేవారు. వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడి మేడలో చిత్రశాల గోడలకి పట్టుగుడ్డ తాపించారు. మామూలు పట్టు కాదండీ, మన జరీలా లోహపు పోగులు నేసిన పట్టు! దీపాలు వెలిగిన కాసేపటికే తీగలు ఆ జరీకి తగిలాయి. జరీ ఎర్రగా కాలి గోడంతా రాజుకోబోయింది. పక్కనే ఉన్న ఎడిసన్ వెంటనే కరెంటు ఆపించాడు. ఇల్లాలు హడలిపోయింది. పైగా కాళ్లకింద బాయిలరుందని తెలిశాక, ఆ ఇంట్లో ఉండనంటే ఉండనంది. చేసేది లేక మొత్తం ఊడబీకారు.

ఆ రోజుల్లో తీగకి నూలు చుట్టి, తెల్లసీసం రంగు పూసేవారు. అగ్నిప్రమాద బీమా వాళ్లు ఒప్పుకున్న తీగ గనక దానికి వాళ్ల పేరే పెట్టారు. తడి తగిలితే ఆ చీర ఏం కాపాడుతుంది? అందుకే ఆకతాయిలు ఆ పేరుని కాస్త మార్చి "కాటికాపరి తీగ" అనేవారు! 1882లోనే లండన్‌లో ఇంజనీర్ల సంఘం ఇళ్లలో నిప్పు అంటుకోకుండా తీగలు ఎలా వెయ్యాలో నియమాలు రాసింది. తర్వాత రబ్బరు తొడుగొచ్చింది. గాడులు తీసిన చెక్కలో తీగలు పరిచి పైన చెక్కమూత బిగించడం, గొట్టాల్లో దూర్చడం, ఆఖరికి పీవీసీ — ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 1890లో ఎడిసన్ ఫ్యూజుకి పేటెంటు పొందాడు. 1924లో జర్మనీలో స్టాట్జ్ ఇప్పటి ఎమ్‌సీబీకి మూలరూపం కనిపెట్టాడు.

పాత రబ్బరుకి ఓ జబ్బుంది. ఏళ్లు గడిస్తే అప్పడంలా పెళుసెక్కుతుంది. కదిలించనంతకాలం బాగానే ఉంటుంది. బోర్డు మార్చేటప్పుడు వంచితే పొడిపొడిగా రాలి, లోపలి రాగి బయటపడుతుంది.

పనివాడు తిరిగొచ్చాక అడిగాను. "మెయిన్ ఆపావు సరే, మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే తీగల మాటేమిటి?"

తల గోక్కున్నాడు. "అవి లైవేనమ్మగారూ."

గుండె ఝల్లుమంది. స్తంభం దగ్గర కరెంటు వాళ్లచేత తీయించేదాకా పని ముట్టుకోవద్దన్నాను. వాళ్లొచ్చి తీశాక, టెస్టరు పెట్టి చూసుకున్నాడు. ఒలిచిన ప్రతి కొసకీ విడివిడిగా ప్లాస్టిక్ కనెక్టరు తొడిగాడు. రబ్బరు రాలిన చోట్ల కొత్త తొడుగెక్కించి, తీగలన్నీ పెట్టెలోకి నెట్టాడు. ఆ పూటకి పని ఆగినా పెట్టెకి మూత బిగించే వెళ్లాడు.

పాపం వాండర్‌బిల్ట్ గారి ఇల్లాలు! నిప్పు పెట్టింది తీగ, నింద పడింది బాయిలరు మీద. నేను మాత్రం ఏం తక్కువ? ఇన్నేళ్లూ గ్యాసు సిలిండరుకే దణ్ణం పెట్టుకుంటూ వచ్చాను.