వెంబకోట్టై ఆటబిళ్ళలు – ఆట నేర్చిన యంత్రములు

ఉగాది సంచికలో చరిత్రవ్యాసమనగానే మన పాఠకులు విశ్వనాథ నాయకుని గూర్చియో, పాంచాలంకురిచ్చి యుద్ధమును గూర్చియో ఎదురుచూతురు. అవి ఏటేట వచ్చుచునే యున్నవి, ఇకముందును వచ్చును. ఈ యేడు మేము మన ప్రాంతపు నేలలో దొరకిన చిన్న పెంకుముక్కలతో మొదలుపెట్టి, నేడు అందఱి నోటను నానుచున్న కృత్రిమ మేధ వఱకు పోదలచితిమి. దారి కొంత పొడవే గాని, మధ్య స్టేషనులన్నియు మనకు తెలిసినవే.

వెంబకోట్టై మనవారికి క్రొత్త ఊరు కాదు. సాత్తూరు, శివకాశి పోయివచ్చువారందఱు ఆ పేరు విన్నవారే. బాణసంచా పనులకును, వైపారుపై కట్టిన ఆనకట్టకును ప్రసిద్ధి. ఆ యేటి గట్టున విజయకరిసల్‌కుళము గ్రామములో మేట్టుకాడు అను దిబ్బ యున్నది. 2022 మార్చిలో తమిళనాడు పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు మొదలుపెట్టిరి. 2023లో రెండవ విడత, 2024లో మూడవ విడత జరిగినవి. శంఖపు గాజులు, పూసలు, మట్టిబొమ్మలు, నూలు వడకు కదురుబిళ్ళలు వేలసంఖ్యలో బయటపడినవి. పత్రికలవారు బంగారపు తునకలకు పెద్ద అక్షరములు వేసిరి. మా కంటికి ఆనినవి మాత్రము ఆటబిళ్ళలు. పగిలిన కుండపెంకును తీసికొని, అంచులను ఓపికగా అరగదీసి, గుండ్రముగా చేసిన బిళ్ళలవి. మన ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆటకు నేటికిని చేసికొనునది సరిగా అట్టిదే. మదురైకి సమీపమున కీళడిలో ఇట్టి బిళ్ళలు వందలాదిగా దొరకినవి. అచ్చట పాచికలు సైతము దొరకినవి.

అయితే ఒక చిక్కు. ఆ బిళ్ళతో ఏ ఆట ఆడిరి? గళ్ళలో విసరి ఒంటికాలితో గెంతిరా, నేలపై గీతలు గీసి కాయలుగా జరిపిరా? బిళ్ళను చూచి చెప్పుట కష్టము. గిన్నెను చూచిన వంట ఊహింపవచ్చును. కాయను చూచి ఆట ఊహింపలేము. ఆట యనునది కాయలో లేదు, నియమములో నున్నది. నియమము నోటిలో నుండును. నోరు మూతపడగానే నియమమును మట్టిలో కలియును. దానిని ఏ పారయు త్రవ్వితీయలేదు.

ఇది మనకు తగులు మాట. విజయనగరపు కాలమునను, మదురై నాయకుల కాలమునను ఈ కరిసల్ నేలకు, అనగా నల్లరేగడి సీమకు, వచ్చిన తెలుగువారి సంతతి మనము. తెలుగు మన నోట నున్నది. వ్రాత మాత్రము తమిళమైనది. కోవిల్‌పట్టికి సమీపమున ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) ఇంట తెలుగు మాటలాడి, తమిళమున వ్రాసి, మన పెద్దల వలసకథను 'గోపల్ల గ్రామం' నవలగా చేసెను. కరిసల్ సీమ మాటలకు నిఘంటువును కూర్చెను. మాటలకు ఆయన దొరకినాడు. ఆటలకు అట్టివా రెవ్వరును దొరకలేదు. వామనగుంటలు, పులి-మేక, దాడి, అష్టాచెమ్మా, చింతపిక్కలు – ఇవన్నియు అవ్వలనుండి మనుమరాండ్రకు చేతినుండి చేతికి వచ్చినవి.

వీనిని పొద్దుపోక ఆటలని తేలికగా అనుకొనరాదు. వామనగుంటల పీట చూడుడు. ఇటు ఏడు, అటు ఏడు గుంటలు. గుంటకు అయిదు చొప్పున పోసిన 70 చింతగింజలు. ఒక గుంటలోని గింజలు తీసి వరుసగా ఒక్కొక్కటి వేయుచు పోవుదురు. చేతిలోనివి అయిపోగానే తరువాతి గుంటలోనివి తీసి మరల వేయుదురు. ప్రక్క గుంట ఖాళీగా నున్నచో దానిని తుడిచి ఆవలి గుంటలోని గింజలను గెలుచుకొందురు. ఎచ్చట మొదలుపెట్టిన ఎచ్చట ఆగునో ముందుగనే తెలిసికొనుటయే నేర్పు. బడి ముఖము చూడని ముసలమ్మలు పీటవంక ఒక్క చూపు చూచి, మూడు చుట్ల తరువాత చేయి ఏ గుంటలో ఆగునో చెప్పుట మేమెఱుగుదుము. అది లెక్క గాక మఱేమి?

తెలుగువారు లెక్కను సభామధ్యమున వినోదముగా చేసినవారు కూడ. అష్టావధానములో ఒకరు సమస్య నిత్తురు, ఒకరు నిషిద్ధాక్షరి పట్టుదురు, ఒకరు చదరంగ మాడుదురు, ఒకరు నడుమనడుమ గంట కొట్టుదురు. అవధాని పద్యము చెప్పుచునే ఎత్తు వేయవలెను. చివరకు గంట లెన్నియో చెప్పవలెను. తిరుపతి వేంకటకవులు ఈ విద్యను ఊరూర త్రిప్పి ప్రజలకు రుచి చూపిరి. నేటి యంత్రమునకు ఎనిమిది పనులు ఒకేసారి ఇచ్చిన ఎనిమిది భాగములై చేయును. అవధానికి ఉన్నది ఒక్క తల.

ఇక యంత్రము కథ. కంప్యూటరు అను ఆంగ్ల పదమునకు మొదటి అర్థము యంత్రము కాదు. లెక్కలు కట్టు మనిషి. అనగా మావంటి గుమాస్తాయే. ఆంగ్లేయ గణితవేత్త ఆలన్ ట్యూరింగు 1948 ప్రాంతమున తన స్నేహితుడు డేవిడ్ చాంపర్‌నౌన్‌తో కలిసి చదరంగ మాడుటకు ఒక నియమావళి వ్రాసెను. దానిని నడపగల యంత్రము అప్పటికి లేదు. 1952లో ట్యూరింగే యంత్రముగా కూర్చొని, కాగితముపై ఎత్తునకు సుమారు అరగంట చొప్పున లెక్కలు కట్టి, ఆలిక్ గ్లెన్నీ అను సహోద్యోగితో ఆడెను. తనకు తోచిన ఎత్తు వేయరాదు. కాగితము చెప్పినదే వేయవలెను. 29 ఎత్తులలో ఓడిపోయెను. రూలు పుస్తకము ప్రకారము నడచుకొనుటయు, సొంత తెలివి అక్కఱకు రాకుండుటయు ఏ ఆఫీసు గుమాస్తాకును వేఱుగ చెప్పనక్కఱలేదు.

తరువాతి ఘట్టములో మన చిత్తూరు జిల్లావాడొకడు కనబడును. కాటూరు గ్రామమున 1937లో పుట్టిన దబ్బల రాజగోపాలరెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డి, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరెను. యంత్రమునకు మనిషి మాట వినుట నేర్పుటలో ఆద్యుడు. 1994 సంవత్సరపు ట్యూరింగు బహుమానమును ఫైగెన్‌బామ్‌తో కలిసి పొందెను. ఆయన 1969నుండి పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయముననే 1985లో ఫెంగ్-షియుంగ్ సూ అను విద్యార్థి చదరంగపు యంత్రమును కట్టుట మొదలుపెట్టెను. అదియే పెరిగి, ఐ.బి.ఎం. కంపెనీలో 'డీప్ బ్లూ' అయి, 1997 మే నెలలో జగజ్జేత కాస్పరోవును 3½–2½ తేడాతో ఓడించెను. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను చూచెడిది. చదరంగము అంతటితో చచ్చెనని కొందఱు వ్రాసిరి. 27 ఏండ్ల తరువాత, 2024 డిసెంబరులో, సింగపూరులో జగజ్జేత యైనవాడు మదరాసులో తెలుగింట పుట్టిన 18 ఏండ్ల గుకేశ్! అదే నెలలో గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి ర్యాపిడ్ చదరంగములో రెండవసారి లోకవిజేత యయ్యెను. మోటారు వచ్చినదని పరుగుపందెములు మానలేదు గదా.

చదరంగము రాజుల ఆట. మన పీట ఆటల సంగతి యేమి? వామనగుంటలకు ఆఫ్రికాలో అవారి యను అక్కచెల్లె లున్నది: 12 గుంటలు, 48 గింజలు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన రొమైన్, బాల్ అను నిద్దఱు 144 ప్రాసెసర్ల యంత్రమును 51 గంటలు నడపి, ఆ ఆటలో రాగల 88,906 కోట్ల పైచిలుకు స్థితులను అన్నిటిని లెక్కగట్టిరి. ఇరువురును తప్పులేక ఆడిన ఆట సరిసమానమని తేలెను. పులి-మేకకు నేపాళములో బాగ్‌చాల్ అను దాయాది యున్నది: 25 స్థానములు, 4 పులులు, 20 మేకలు. దానినికూడ లిమ్, నీవెర్గెల్ట్ అను పండితులు యంత్రముపై సాధించి, అదియు సమానమే యనిరి.

మన పులి-మేకను గూర్చి మేమే కాగితము, పెన్సిలు పుచ్చుకొని కొంత లెక్క చూచితిమి. త్రికోణపు పటములో 23 స్థానములు. 3 పులులు, 15 మేకలు. పులులను 23 చోట్లలో ఉంచు తీరులు 1,771. మిగిలిన 20 చోట్లలో 15 మేకలు నిలుచు తీరులు 15,504. ఈ రెంటిని గుణించిన 2 కోట్ల 74 లక్షల 57 వేల 584. మేకలు చచ్చి తగ్గినవి, ఇంకను దిగనివి – సున్న మొదలు పదునైదు వఱకు అన్నియు కలిపిన 184 కోట్ల 60 లక్షల 54 వేల 980. సెకనుకు ఒకటి చొప్పున రాత్రింబవళ్ళు చూచుచు పోయిన 58 సంవత్సరములు దాటును. అవ్వ అవన్నియు చూడలేదు. చూడనక్కఱలేనివి ఏవో ఆమెకు తెలియును. చూడనక్కఱలేని దానిని విడుచుట నేర్చుకొనుటకే యంత్రములకు అర్ధశతాబ్ది పట్టినది.

ఇంకొక తీరు కలదు. యంత్రము చేయలేని లెక్కను మనుష్యులచేత ఆటగా చేయించుట. ఇదియు కార్నెగీ మెలన్‌లో పుట్టినదే. లూయిస్ వాన్ ఆన్ అను యువకుడు 2003 ప్రాంతమున ఒక ఆట పెట్టెను. ఒకరినొకరు ఎఱుగని ఇద్దఱకు ఒకే బొమ్మ చూపుదురు. ఇద్దఱును ఒకే మాట వ్రాసిన గెలుపు. కుక్క బొమ్మకు ఇద్దఱును 'కుక్క' అని వ్రాయగానే, ఆ బొమ్మ పేరు యంత్రమునకు దొరకును. పిమ్మట ఆయనయే 2007లో, పాత పత్రికలలో యంత్రము చదువలేని మాటలను, ఇంటర్నెట్టు వాకిట "నీవు మనిషివేనా" అను పరీక్షగా పెట్టి, ప్రజలచేత చదివించెను. 2009లో గూగుల్ కంపెనీ దానిని కొన్నది. కోట్లమంది కూలిలేక చేసిన పని యది. మా అభిప్రాయమున, ఆడువానికి తాను పని చేయుచున్నట్లు తెలియకపోయిన అది ఆట కాదు, వెట్టి.

తెలిసి చేసినచో వేఱు. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 'ఫోల్డిట్' అను ఆట విడిచిరి. మాంసకృత్తు అణువు ఏ ఆకారమున ముడుచుకొనునో కనుగొనుటయే ఆట. కోతులలో ఎయిడ్సు వంటి రోగము తెచ్చు వైరస్సులోని ఒక ఎంజైము ఆకారము శాస్త్రజ్ఞులకు పదేండ్లకు పైగా కొఱుకుడుపడలేదు. 2011లో ఆటగాండ్రు మూడు వారములలో దారి చూపిరి. వారిలో పెక్కుమంది జీవశాస్త్రము చదువనివారు. పీటవంక ఒక్క చూపు చూచి చేయి ఎచ్చట ఆగునో చెప్పు చూపే అచ్చటను పనికివచ్చినది.

ఇప్పుడు మరల మేట్టుకాడు దిబ్బకు వత్తము. 2017లో వచ్చిన 'ఆల్ఫాజీరో' అను యంత్రము మనుష్యుల ఆటలు ఒక్కటియు చూడక, తనతో తానే ఆడుకొని చదరంగము నేర్చినది. అయినను గుఱ్ఱము ఎట్లు దూకునో, రాజు ఎట్లు చిక్కునో మనిషియే చెప్పవలసివచ్చెను. 2018లో నెదర్లాండ్సులోని మాస్ట్రిక్టు విశ్వవిద్యాలయమున కామెరాన్ బ్రౌన్ నాయకత్వమున మఱియొక పని మొదలైనది. నియమములు పోయిన ప్రాచీనపు ఆటలకు, సాధ్యమగు నియమములను కూర్చి, యంత్రముచేత వేలసారులు ఆడించి చూచుట. మూడు ఎత్తులలో ముగియునదియు, ఎప్పుడును ఒక ప్రక్కయే గెలుచునదియు మనుష్యులు తరతరములుగా ఆడియుండరు గదా; అట్టివానిని త్రోసివేయుదురు. ఇట్లు లోకములోని వేయికి పైగా ఆటలను యంత్రమునకు తెలిపిరి. కాని ఈ ఊహకు ఆధారముగా, బ్రతికియున్న ఆటల నియమములు వ్రాతలో నుండవలెను. వ్రాత లేనిది యంత్రమునకు లేనట్లే. రెండు వేల యేండ్ల నాటి బిళ్ళకు ఏమైనదో, మన యిండ్లలోని చింతగింజల పీటకును అదే కానున్నది.

మేము పైన వేసిన 184 కోట్ల లెక్కలోనే ఇది కనబడుచున్నది. కొందఱు 15 మేకలును దిగిన తరువాతనే మేకను జరుపనిత్తురు. కొందఱు ముందే జరుపనిత్తురు. కొందఱు పులిని వరుసగా రెండు మేకలపై దూకనిత్తురు. కొందఱు ఒక్కటే యందురు. మొదటి తీరు పట్టినచో చేతిలో ఎన్ని మేకలు మిగిలినవో కూడ ప్రతి స్థితిలోను గుర్తుంచుకొనవలెను. లెక్క ఇంకను పెరుగును. మీ యింటి పెద్దలు ఏ తీరున ఆడిరో, ఏ యెత్తును ఏ మాటతో పిలిచిరో, తమిళ లిపిలోనైనను సరే, ఊరి పేరుతో వ్రాసి సంఘము కార్యదర్శిగారికి అందజేసినచో, ఆయా ఊళ్ళ లెక్కను వేఱువేఱుగా కట్టి వచ్చే ఉగాది సంచికలో ప్రకటింతుము.