భూగోళం, మనస్తత్వం: రెండు శాస్త్రాల పేర్లు

గ్రీకు మూలంలో ‘భూమిని గురించి రాయడం’ అనే పనిని సూచించిన శాస్త్రానికి తెలుగులో స్థిరపడిన భూగోళశాస్త్రమనే పేరు పనిని కాక ఆకారాన్ని చెబుతుంది. గోళమంటే గుండ్రని వస్తువు కాగా, భూగోళమనే మాట ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతంలో ఒక అధ్యాయం పేరుగానే కనిపిస్తుంది. మనస్తత్వశాస్త్రంలోని తత్త్వం ‘తత్’, అంటే ‘అది’, అనే సర్వనామానికి ‘త్వ’ ప్రత్యయం చేరగా ఏర్పడి, ఒక వస్తువు అసలు స్వభావాన్ని తెలుపుతుంది. వాడుకలో మాత్రం మనస్తత్వమంటే ఒక మనిషి గుణమే, అందువల్ల శాస్త్రం పేరు కూడా గుణనిర్ణయంలా వినిపించడం కొంత చిక్కే.

పేర్ల మాట అలా ఉంచి ఈ శాస్త్రాల పనులు చూస్తే, పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే కొండలు మేఘాల తేమను ముందే రాల్చుకోగా మిగిలే పొడి ప్రాంతంలో, ఉన్న అనంతపురం పీఠభూమిలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే ఎందుకు కురుస్తుందో భూగోళశాస్త్రం వివరిస్తుంది. పంట ఎండిన మరుసటేడు తొలకరి పడగానే రైతు మళ్లీ వేరుశనగ విత్తడానికి అప్పు, అలవాటు, మార్కెట్టుతోపాటు ఆశ కూడా కారణమైతే, ఆ ఆశను పరిశీలించే పని మనస్తత్వశాస్త్రానిది.

ఈ రెండు శాస్త్రాల మధ్య సరిహద్దు అంత గట్టిదేమీ కాదు. అమెరికా మహామైదానాల రైతులు కరువును ఎలా అంచనా వేస్తారో 1966లో వెలువడిన గ్రంథంలో పరిశీలించి, కరువులు ఎంత తరచుగా వస్తాయో వారు తక్కువగా లెక్కగడతారని చూపిన థామస్ సారినెన్ భూగోళశాస్త్రజ్ఞుడే. ఆయన అధ్యయనంలో కీలకమైన ‘గ్రహింపు’ మాత్రం మనస్తత్వశాస్త్రపు భావన.