పాత వాల్వు రేడియో దొరికితే తొందరపడి ప్లగ్గు పెట్టకండి

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఆ ఇళ్లలో అటక మీద తాతల నాటి వాల్వు రేడియో గానీ, రికార్డు ప్లేయర్ గానీ ఇంకా మిగిలి ఉండవచ్చు. దాన్ని మళ్లీ పలికించాలన్న కోరిక సహజమే. అయితే పాత సెట్లు ఎక్కువగా పాడయ్యేది అటక మీద కాదు. కిందికి దించి స్విచ్చి వేసిన మొదటి నిమిషంలోనే.

అందుకు కారణం కండెన్సర్లు. ఏళ్ల తరబడి వాడకపోతే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలోని పలుచని ఆక్సైడు పొర బలహీనపడుతుంది. మైనపు కాగితపు కండెన్సర్లు తేమ పీల్చి కరెంటును లీకు చేస్తాయి. ఆ లీకు అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు చేరితే వాల్వు మితిమీరి వేడెక్కి, దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోతుంది. వాల్వు మళ్లీ దొరకవచ్చు. సరిగ్గా అదే ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం. అలాగని లోపలి భాగాలన్నీ పీకి పారేయనక్కరలేదు. మైకా కండెన్సర్లు చాలావరకు నేటికీ బాగానే ఉంటాయి.

సూరత్ సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు. గాలిలో తేమ ఎక్కువ. పైగా 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలడంతో తపతి నది పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. వరద నీటిలో నానిన సెట్టుకు ముందు బురద కడిగి, చాలా రోజులు ఆరబెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో తేమ లేదని మెకానిక్ మీటరుతో పరీక్షించి చెప్పేదాకా కరెంటు ఇవ్వకూడదు.

మన వీధి మెకానిక్‌ల పాత ఉపాయం సీరీస్ బల్బు. 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బును సెట్టుకు సీరీస్‌లో కలిపి స్విచ్చి వేస్తారు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ప్రస్తుతానికి భయం లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్లే. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ప్రాణానికే. కొన్ని నగరాల్లో డీసీ కరెంటు ఉన్న రోజుల్లో ఏసీ, డీసీ రెండింటికీ పనికివచ్చే సెట్లు తయారయ్యేవి. వాటిలో చాలావరకు ఇనుప చాసిస్ నేరుగా మెయిన్స్ తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే 230 వోల్టులు చాసిస్ మీదికి, నాబు మర మీదికి వస్తాయి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. తగిన రెసిస్టర్ ద్వారా వాటిని ఖాళీ చేసి, మీటరుతో సరిచూడకుండా లోపల చేయి పెట్టరాదు. ఈ పని అలవాటు లేనివారు అనుభవజ్ఞుడికి అప్పగించడం మేలు.

ఇంట్లో నిర్భయంగా చేసుకోగలిగినవీ ఉన్నాయి, ప్లగ్గు తీసి ఉన్నంత వరకు. రికార్డు ప్లేయర్‌లో పళ్లెం ఇరుసుకు ఒక చుక్క కుట్టుమిషను నూనె చాలు. అదే నూనె రబ్బరు చక్రానికి తగిలితే అది జారుతుంది. 1970లు, 80ల నాటి స్పీకర్లలో కోను అంచునుండే ఫోము తేమకు పొడిపొడిగా రాలుతుంది. అంచు ఒక్కటే మారిస్తే చాలు, స్పీకరు పారేయనక్కరలేదు. 78 వేగపు లక్క రికార్డులను మాత్రం స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది.