బిరుదము నుండి అంకె వరకు

శ్రీకృష్ణదేవరాయల కొలువులో బొడ్డుచెర్ల తిమ్మన యను చదరంగపు ఆటగాడు ఉండెడివాడనియు, ఎంతటివారు ఎదుట కూర్చున్నను అతనిని ఓడింపలేకపోయిరనియు, రాయలవారు అతని నేర్పునకు మెచ్చి కొప్పోలు గ్రామమును దానమిచ్చిరనియు ఒక చాటుకథ తెలుగునాట చిరకాలముగా వినవచ్చుచున్నది. కొప్పోలు అను పేరుగల ఊరు ఒంగోలు చెంత, సముద్రమునకు దాపున, నేటికిని ఉన్నది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే కనుక, దీనిని నెల్లూరు తీరపు కథగా చెప్పుకొనుటకు మనకు కొంత హక్కున్నది. కథలో సత్యమెంత యను విచారణను పండితులకు విడుతము. ఒక ఆటగాని నేర్పు ఎంతటిదో పదిమందికి కనబడునట్లు చేయుట ఎట్లు అను ప్రశ్న మాత్రము ఇందులో ఉన్నది. రాయలు దానికి ఒక ఊరితో సమాధానము చెప్పినాడు.

తక్కిన నేర్పులకు గుర్తు బిరుదము. మన నెల్లూరి తిక్కన సోమయాజిని కవిబ్రహ్మ యన్నారు. అల్లసాని పెద్దన కాలికి రాయలు స్వయముగా గండపెండేరము తొడిగినాడందురు. నలుగురికి కనబడవలెననియే గదా అట్టి ఆభరణము! అయితే బిరుదమునకు ఒక సుగుణము కలదు. ఒకసారి వచ్చినది మరల పోదు. మరునాడు ఒక పద్యము పేలవముగా వచ్చినదని పెండేరమును ఊడదీయరు. సామాన్యుల ఆటలకు అదియును లేదు. గుడి మండపాల బండలపై పులిజూదపు గీతలు, దాడి గళ్ళు మనము చూచుచునే యున్నాము. వాటి ప్రక్కన గెలుపోటముల లెక్కలు కానరావు. ఎవడు గట్టివాడో ఊరందరికి తెలియును. ఆ తెలివిడి రచ్చబండ దాటి పోదు. ఓడినవాడు సాయంకాలము మరల వచ్చి కూర్చుండును.

ఈ తెలివిడిని అంకెగా మార్చినవాడు ఆర్పాడ్ ఎలో. 1903లో హంగరీ దేశమున జన్మించి, బాల్యముననే అమెరికా చేరి, మిల్వాకీ నగరపు మార్కెట్ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము బోధించిన ఆచార్యుడు. స్వయముగా మంచి చదరంగపు ఆటగాడు. ఆయన పద్ధతిని 1960లో అమెరికా చదరంగ సమాఖ్యయు, 1970లో ప్రపంచ సమాఖ్యయు స్వీకరించినవి. దాని కీలకము సులభమే. ఇద్దరి అంకెలు సమానమైనచో చెరిసగము గెలుతురని లెక్క. ఒకని అంకె 200 ఎక్కువైనచో, నూరు ఆటలలో అతనికి సుమారు 76 పాయింట్లు రావలెను. బలవంతుడు గెలిచిన అంకె కొంచెమే పెరుగును. బలహీనుడు గెలిచిన చాల పెరుగును, ఎదుటివానిది అంతగాను తరుగును. అనగా ఆ అంకె బహుమానము కాదు, జోస్యము. ఆట ముగిసినపుడెల్ల జోస్యమును దిద్దుకొనుటే అందలి పని. ఎలోగారికి తన అంకెపై అతివిశ్వాసము లేదు. నీటిపై ఎగిరిపడు బెండును, గాలికి ఊగు త్రాటికి కట్టిన గజముబద్దతో కొలుచుట వంటిదని తన పనిని ఆయనయే వర్ణించినాడట. మైపాడు తీరమున వల బెండ్లను చూచినవారికి ఈ మాట వేరే వివరింపనక్కరలేదు.

చదరంగములో బిరుదమును విడిచిపెట్టలేదు. 1950లో ప్రపంచ సమాఖ్య 27 మందికి గ్రాండ్‌మాస్టర్ బిరుదమిచ్చినది. నేటికిని అది యావజ్జీవము నిలుచును. అంకె మాత్రము నిలువదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టరై, 2007లో 2600 దాటినది. స్త్రీలలో ఆమెకు ముందు ఆ మెట్టు ఎక్కినది జూడిత్ పోల్గార్ ఒక్కతెయే. వరంగల్లు బాలుడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు పట్టికలో 2801కి చేరినాడు. మన దేశమున విశ్వనాథన్ ఆనంద్ తరువాత అతడే. మరుసటి సంవత్సరమే ఆ అంకె 2800కు దిగువకు జారినది. బిరుదము జారలేదు.

ఎలో పద్ధతియు దాని సంతతియు కంప్యూటరు తుపాకి ఆటలలో ప్రవేశించినప్పటి నుండి కథ మలుపు తిరిగినది. 2004లో వచ్చిన హేలో 2 అను ఆటలో ప్రతివాని పేరు ప్రక్కను 1 నుండి 50 వరకు ఒక అంకె కనబడెడిది. జట్టులుగా ఆడువారి నేర్పును లెక్కించుటకు మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ట్రూస్కిల్ అను పద్ధతిని 2005లో రూపొందించినారు. 2007 నాటి హేలో 3లో అంకె కొరకు ఆడువారికి ఒక శాల, కాలక్షేపమునకు ఆడువారికి వేరొక శాల ఏర్పరచినారు. 2012లో కౌంటర్ స్ట్రైక్ కొత్త రూపమున 18 అంతస్తులు వచ్చినవి. అంకె కనబడుట మొదలగుటతోనే దానికి ధర పలికినది. పెద్ద అంకెగల ఖాతాలను కొనువారు, డబ్బు పుచ్చుకొని ఇతరుల అంకెను పెంచి ఇచ్చువారు పుట్టినారు. కొందరు గట్టివారు కొత్త పేరుతో ప్రవేశించి నేర్చుకొనువారిని చీల్చి చెండాడిరి. పులిజూదములో ఇట్టి వేషము సాగదు, ఎదుటివాని ముఖము తెలియును గదా!

మన పల్లెలకు ఈ అంతస్తులు 2018లో పబ్జీ మొబైలుతో వచ్చినవి. 2020 సెప్టెంబరులో ప్రభుత్వము దానిని నిషేధించినది. 2021లో అది బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను పేరున తిరిగి వచ్చినది. 2022 జూలైలో మరల నిలిపివేయబడి, 2023 మే నెలలో తిరిగి తెరువబడినది. అందులో కంచు, వెండి, బంగారము, ప్లాటినము, వజ్రము, కిరీటము, ఏస్ అను మెట్లు. అన్నిటికిని పైన మొదటి 500 మందికి మాత్రమే దక్కు కాంకరర్ పదవి. ఎందరిని కూల్చినాడన్నదే కాక, ఎంతసేపు ప్రాణముతో నిలిచినాడన్నదియు ఇచట లెక్కకు వచ్చును. కనుక పొదలో దాగియున్నవాడును మెట్లెక్కగలడు. దినమునకు ఆరు గంటలు ఆడువాడు, ఒక గంట ఆడు నేర్పరి కంటె పైన కనబడవచ్చును. పైగా సీజను మారినపుడెల్ల మెట్లు దిగవలసియుండును. ఎక్కినదానిని నిలుపుకొనుటకై పరీక్షల నాళ్ళలో సైతము ఫోను విడువని పిల్లలు ఏ వీధిలోనైనను ఉన్నారు. ఎలో పట్టికలో ఆడకుండినంత మాత్రమున అంకె తరుగదు. ఈ తేడాను తల్లిదండ్రులు గమనించుట మంచిది.

కాలక్షేపమునకు ఆడుకొనువారు అంకెను తప్పించుకొనిరా? అట్లు తోచును గాని, చాల ఆటలలో మైత్రీశాలలందు కూడ కంటికి కనబడని అంకె ఒకటి లోపల నడచుచు, జోడీలను అదియే కూర్చును. కాల్ ఆఫ్ డ్యూటీ ఆటవారు ఈ రహస్యపు కూర్పును సడలించి చూచి, ఫలితమును 2024లో ప్రకటించినారు. అగ్రశ్రేణిలోని కొద్దిమంది తప్ప తక్కినవారు మరల ఆటకు వచ్చుట తగ్గినదట. ఆ కూర్పు వలదని ఎక్కువగా కోరుచు వచ్చినది ఆ అగ్రశ్రేణివారే.